కూరకా, బొమ్మకా?

ఆదివారం పొద్దున నేను మార్కెట్ నుంచి సంచీతో ఇంట్లోకి అడుగు పెట్టగానే మావారు అడిగే మొదటి ప్రశ్న ఇది: "ఈ వంకాయలు కూరకా, బొమ్మకా?" రెండిటికీ అంటాను. ముందు బొమ్మ, తర్వాత కూర. పదకొండింటికల్లా బొమ్మ పూర్తి కాకపోతే ఆయన ఊరుకోరు కాబట్టి ఎలాగో పూర్తవుతుంది. ఆరేళ్లుగా నాకు బొమ్మలు నేర్పిన గురువు ఎవరని అడిగితే ఆయన ఆకలి పేరే చెప్పాలి.

నేను పోస్టాఫీసు కౌంటరులో 32 ఏళ్లు కూర్చున్నాను. చిన్నప్పుడు డ్రాయింగ్ లోయర్ పరీక్ష పాసయ్యాను, ఆ తర్వాత పెన్సిలు పట్టింది మనియార్డర్ ఫారాల మీద టిక్కులు పెట్టడానికే. రిటైరయ్యాక వాటర్ కలర్స్ కొనుక్కున్నాను. మా ఇంట్లో మోడల్‌గా కదలకుండా కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. రంగులూ బోర్డూ మోసుకుని గోదావరి గట్టుకు వెళ్లే ఓపిక నాకు లేదు. ఇక మిగిలింది వంటగది. స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువులే కదా, తేలిక అనుకున్నాను. చెంబూ వంకాయా కదలవు, నిజమే. కానీ వెలుతురు కదులుతుంది, కొత్తిమీర వాడిపోతుంది, బెల్లానికి చీమలు పడతాయి. ఇదంతా తెలిసేసరికి ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదని రాస్తున్నాను.

మొదటి నెల ఒకే వస్తువు పెట్టుకోండి. ఒక ఉల్లిపాయ, లేదా ఒక నిమ్మకాయ. చాలామంది మొదటి రోజే పళ్లబుట్ట, పూలకుండీ, దీపం, పట్టుచీర అన్నీ పోగేసి కూర్చుంటారు. నేనూ అదే చేశాను. ఒక్కటి పెడితే బొమ్మ బోసిపోతుందేమోనని బెంగ. ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ మానే అనే చిత్రకారుడు 1880లో ఆస్పరాగస్ కట్ట ఒకటి వేశాడు. మన ములక్కాడల్లాగే కట్ట కట్టి అమ్మే కాడలవి. 800 ఫ్రాంకులకు బేరం కుదిరింది. కొన్నాయన ముచ్చటపడి 1000 పంపాడు. దాంతో మానే ఒకే ఒక్క కాడను విడిగా చిన్న బొమ్మ వేసి, మీ కట్టలో ఇది తగ్గింది అని చీటీ రాసి పంపాడు. మన కూరగాయలవాళ్లు వేసే కొసరు లాంటిదన్నమాట. ఆ కొసరు ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మీ ఒంటి ఉల్లిపాయకు దిగులు పడకండి.

ఏ వస్తువు ఎంతసేపు ఆగుతుందో వంట చేసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మకు కూడా అదే లెక్క. కొత్తిమీర కట్ట అరగంటకు మించి నిలబడదు. అందుకని కొత్తిమీర ఉన్న బొమ్మలో ముందు కొత్తిమీరే వేసెయ్యాలి, చెంబు సంగతి తర్వాత. కోసిన వంకాయ మీ బ్రష్షు తడిసేలోపే నల్లబడుతుంది. గుత్తి వంకాయ మెరుపు ఒక పూట బాగుంటుంది, మర్నాటికి చర్మం మెత్తబడుతుంది. రావులపాలెం వైపు నుంచి వచ్చే చక్రకేళి అత్తం మూడు రోజుల్లో మచ్చలేస్తుంది. మచ్చలేసిన పండే బొమ్మకు బాగుంటుందని నా అభిప్రాయం. నున్నటి పసుపు మీద గోధుమ రంగు చుక్కలు పడితేనే అది అరటిపండులా కనిపిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, కొబ్బరికాయ, బూడిద గుమ్మడి వారాల తరబడి ఓపిక పడతాయి. నెమ్మదిగా వేసేవాళ్లు వీటితో మొదలుపెట్టడం మంచిది. ఫ్రాన్స్ చిత్రకారుడు సెజాన్ అంతటివాడికే ఈ బాధ తప్పలేదు. ఆయన మరీ నెమ్మది. పూలు వాడిపోతున్నాయని చివరికి కాగితం పూలు పెట్టుకుని వేసేవాడు.

అసలు పాడుకానివి కావాలంటే అటక మీద వెతకండి. మా అమ్మాయి చిన్నప్పటి ఏటికొప్పాక లక్కపిడతలు దొరికాయి నాకు. బుల్లి రోలు, బుల్లి కుంపటి, బుల్లి బిందె. అన్నీ గుండ్రని ఆకారాలు, లక్క పూతకు మంచి మెరుపు, పైగా అరచేతంత చోటు చాలు. డల్లాస్‌లో ఉన్న మా కోడలికి కూడా ఇదే చెప్పాను, తను అక్కడ గుత్తి వంకాయలు దొరకట్లేదని వంక పెడుతుంటే. పోపుల డబ్బా ఉంది కదమ్మా, మూత తీసి కిటికీ దగ్గర పెట్టుకో అన్నాను. ఏడు గిన్నెలు, ఏడు రంగులు. అంతకంటే మంచి పాఠం ఏముంది?

వెలుతురు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. వస్తువు మీద వెలుతురు ఒకే వైపు నుంచి పడాలి. ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటేనే గుండ్రటిది గుండ్రంగా కనిపిస్తుంది. మన ఇళ్లలో వచ్చే చిక్కు నడినెత్తిన ఉండే ట్యూబ్‌లైటు. అది వేసి ఉంచితే నీడలు రెండు మూడు అయిపోతాయి. లైటు ఆర్పేసి, ఒక్క కిటికీ మాత్రం తెరిచి, దాని పక్కగా బల్ల జరుపుకోండి. రెండో కిటికీ ఉంటే దుప్పటి అడ్డం కట్టెయ్యండి.

ఉత్తరం కిటికీ మంచిదని పుస్తకాల్లో రాస్తారు, అటు నుంచి ఎండ నేరుగా పడదు కాబట్టి వెలుతురు నిలకడగా ఉంటుందని. అది యూరప్ వాళ్ల మాట. మన రాజమండ్రి ఉన్నది 17 డిగ్రీల అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపునే ఉంటాడు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రం కూడా ఉత్తరం కిటికీలోంచి ఏటవాలు ఎండ వస్తుంది. మొదటి వేసవిలో నాకిది తెలియక, ఎనిమిదింటికి మొదలుపెట్టిన చెంబు నీడ తొమ్మిదిన్నరకు ఎక్కడికో పోయిందేమిటా అని తల పట్టుకున్నాను. మందు సులువు: కిటికీకి పాత తెల్ల పంచె ఒక పొర కట్టండి. ఎండ చెదిరి మెత్తబడుతుంది. అలాగే బొమ్మ మొదలుపెట్టిన పది నిమిషాల్లో నీడల అంచులు పెన్సిలుతో గుర్తు పెట్టేసుకోండి. తర్వాత నీడ ఎటు పోయినా మీరు వెంటపడొద్దు. మొదట గీసిన నీడే ఖాయం.

కిటికీ సరిగ్గా లేనివాళ్లు అట్టపెట్టె వాడుకోవచ్చు. మిక్సీ వచ్చిన పెట్టె అయితే సరిపోతుంది. ముందు భాగం, ఎడమ పక్క కోసేసి లోపల ముదురు రంగు గుడ్డ పరిచి, ఎడమ నుంచి టేబుల్ ల్యాంపు పెట్టండి. స్పెయిన్‌లో సాంచెజ్ కోటాన్ అనే ఆయన 1602 ప్రాంతంలో ఇలాంటి చీకటి గూడులోనే కూరగాయలు పెట్టి వేశాడు. క్యాబేజీని, ఇంకో పండును దారాలతో పైనుంచి వేలాడదీసి మరీ. అది చూసినప్పుడు నాకు మా అమ్మమ్మగారింటి ఉట్టి గుర్తొచ్చింది. ఇప్పుడు ఉట్టి లేదు కానీ గుమ్మానికి దిష్టికి కట్టే నిమ్మకాయా మిరపకాయల దండ ఉందిగా. శనివారం పొద్దున కొత్త దండ కట్టబోయే ముందు పెట్టెలో వేలాడదీసి వేశాను. నా బొమ్మల్లో పక్కింటివాళ్లు అడిగి తీసుకున్నది అదొక్కటే.

ఒకటి కాస్త చేతికొచ్చాక రెండు మూడు వస్తువులు కలపండి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి పడుకున్నది: మరచెంబు, ఉల్లిపాయ, ములక్కాడ లాగా. వరసగా నిలబెడితే రేషన్ షాపు క్యూలా ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి కాస్త దాగేలా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది, రెండు వస్తువుల అంచులు తాకీ తాకనట్టు ఉండకూడదు. వంకాయ అంచు చెంబు అంచుకు సరిగ్గా ఒక చుక్క దగ్గర తగిలిందంటే కన్ను అక్కడే ఇరుక్కుంటుంది, ఏది ముందు ఏది వెనక అన్నది తెలియదు. ఉంటే దూరంగా ఉండాలి, లేకపోతే ఒకటి రెండోదాన్ని బాగా కప్పాలి. కింద పరిచే గుడ్డ పెద్ద పూలది వద్దు. నా మటుకు నాకు వెలిసిన నేత చీరను మించింది లేదు.

వస్తువులు అమర్చాక వాటి చుట్టూ బల్ల మీద ముగ్గుపిండితో సన్నగా గీత పెట్టండి, గుడ్డ అయితే టైలరు సుద్దతో. ఇంట్లో చెంబు ఎవరికైనా అవసరం పడుతుంది, తీసుకెళ్లినవాళ్లు తిరిగి అదే చోట పెట్టరు. ఫ్యాను ఆపడం కూడా మర్చిపోకండి. ఉల్లిపొట్టు ఎగిరి రంగులో పడ్డ రోజులున్నాయి.

ఇప్పుడు గీయడం. నా మొదటి చెంబు చూసి మావారు "సగానికి కోసిన చెంబా ఇది?" అన్నారు. చెంబు నోరు రెండు చివర్లా బాదం గింజలా మొనతేలి ఉంది, అడుగేమో స్కేలు పెట్టి కొట్టినట్టు తిన్నగా ఉంది. చెంబు నేల మీద చదునుగా నిలబడుతుందని నాకు తెలుసు, అందుకని అడుగున తిన్నటి గీత గీశాను. తెలిసింది గీశాను గానీ కనిపించింది గీయలేదు.

చేతి గాజు ఒకటి తీసి కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకోండి. గీతలా కనిపిస్తుంది. అలాగే అడ్డంగా ఉంచి మెల్లగా కిందికి దించుతూ పొండి. గాజు నోరు తెరుచుకుంటూ వస్తుంది. కంటికి ఎంత కిందకి పోతే అంత గుండ్రంగా అవుతుంది. బల్ల మీద ఉన్న చెంబులో నోరు మీ కంటికి దగ్గర, అడుగు ఇంకా కింద. అంటే అడుగు వంపు నోటి వంపు కంటే ఎక్కువ గుండ్రంగా ఉండాలి. నోటి చివర్లు ఎక్కడా మొన తేలకూడదు, ఇరుకైన చోట కూడా గాజులాగే మలుపు తిరగాలి. ఈ ఒక్కటి అర్థమైతే గిన్నె, గ్లాసు, జాడీ, బకెట్, ఇడ్లీ పాత్ర అన్నీ అర్థమైనట్టే. రోజుకు పది కోడిగుడ్డు ఆకారాలు పాత పేపరు మీద గీస్తూ ఉండండి, చేయి తిరుగుతుంది.

కొలతకు చీపురు పుల్ల. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పుల్లను చెంబు వెడల్పుకు పట్టి బొటనవేలితో గుర్తు పెట్టుకోండి. అదే కొలతను నిలువుగా తిప్పితే చెంబు ఎత్తులో అది ఎన్నోవంతో తెలుస్తుంది. మోచేయి వంచారంటే లెక్క తప్పుతుంది. వంకాయ చెంబులో సగం ఉందా, మూడోవంతా అన్నది ముందు తేల్చుకోవాలి. కూరగాయలను ఉన్నదానికంటే పెద్దగా వేసే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. వండేవాళ్ల కళ్లకు కూరగాయే పెద్దగా కనిపిస్తుందేమో.

గీత అయ్యాక రంగు జోలికి పోకుండా కళ్లు సగం మూసి చూడండి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు. చిన్న చిన్న వివరాలు మాయమై వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రం మిగులుతాయి. పెన్సిలుతో అగ్గిపెట్టె సైజు డబ్బా గీసి ఆ ముద్దల్ని మూడే మూడు స్థాయిల్లో నింపండి: తెల్ల కాగితం, నడిమి బూడిద, ముదురు. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది, ఈ ఐదు నిమిషాలు మానేసిన ప్రతిసారీ నేను గంట పోగొట్టుకున్నాను. అనుమానం వస్తే ఫోనులో బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీసుకోండి. పండుమిర్చి పక్కన కరివేపాకు పెట్టి ఒకసారి తీశాను. మామూలుగా చూస్తే ఎరుపూ ఆకుపచ్చా ఎంత తేడా! ఫొటోలో రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగు. బొమ్మ చప్పగా వస్తోందేమిటా అని మూడు రోజులు కొట్టుకున్నదానికి జవాబు దొరికింది.

సామాను విషయంలో క్లుప్తంగా చెబుతాను. కాగితం మీద డబ్బు పెట్టండి, బ్రష్షుల మీద కాదు. 300 జీఎస్‌ఎం మందం ఉన్న వాటర్ కలర్ కాగితం కొని ఏ4 షీటును సగానికి కోసుకోండి. పలచటి డ్రాయింగ్ షీట్ నీళ్లకు అప్పడంలా లేస్తుంది. గుండ్రటి బ్రష్షులు రెండు చాలు, 6 నంబరూ 10 నంబరూ. ట్యూబులు ఆరు: లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, స్కార్లెట్, క్రిమ్సన్, బర్న్ట్ సియెన్నా, అల్ట్రామెరీన్ బ్లూ. నలుపు ట్యూబు పెట్టెలో వచ్చినా తీసి పక్కన పెట్టెయ్యండి. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే నలుపుకు దగ్గరి రంగు వస్తుంది, అందులో జీవం ఉంటుంది. నీళ్లకు రెండు గ్లాసులు: ఒకటి బ్రష్షు కడగడానికి, ఒకటి శుభ్రంగా ఉంచడానికి. టీ గ్లాసు మాత్రం దూరంగా పెట్టుకోండి. చెప్పానని మళ్లీ నవ్వకండి.

ఇక వంకాయ. మొదట వంకాయ మీద తెల్లగా మెరిసే చోటును పెన్సిలుతో చాలా పల్చగా గుర్తించండి. అది మీ కిటికీ ప్రతిబింబం, అందుకే ఆకారం కూడా కిటికీలాగే ఉంటుంది. అక్కడ కాగితాన్ని పొడిగా వదిలెయ్యాలి. తర్వాత తెల్ల రంగు పూస్తే సుద్ద రాసినట్టు ఉంటుంది. క్రిమ్సన్‌లో అల్ట్రామెరీన్ కలిపి, నీళ్లు ఎక్కువ పోసి, మెరుపు చోటు తప్ప కాయ అంతా ఒకేసారి పూసెయ్యండి. అది తడిగా ఉండగానే అవే రంగులు చిక్కగా కలిపి నీడ వైపు పెట్టండి. పెట్టి బ్రష్షు కింద పెట్టేసి చేతులు కట్టుకోండి. కష్టమైన పని ఇదే. తడిలో రంగు తనంతట తాను పాకుతుంది, మనం సరిదిద్దుతామని మళ్లీ బ్రష్షు పెట్టామా, కాలీఫ్లవర్ పువ్వులా మరక లేస్తుంది. ఆ టైములో నేను వెళ్లి పప్పు కుక్కర్‌లో పెట్టి వస్తాను.

ఆరాక చూస్తే రంగు పాలిపోయి కనిపిస్తుంది. వాటర్ కలర్ ఆరితే లేతబడుతుంది, కంగారు పడొద్దు. ఇంకో పూత వెయ్యండి, ఈసారి నీడ వైపు సగానికే. నీడ వైపు చిట్టచివరి అంచును మాత్రం కాస్త లేతగా ఉంచాలి. కింద గుడ్డ మీద పడ్డ వెలుతురు తిరిగి కాయ అడుగున తగులుతుంది. ఆ సన్నటి లేత పట్టీ ఉంటే కాయ గుండ్రంగా తిరుగుతుంది, లేకపోతే అతికించిన బిళ్లలా ఉంటుంది. తొడిమకు లెమన్ ఎల్లోలో చుక్క నీలం, చిటికెడు బర్న్ట్ సియెన్నా. తాజా కాయలో తొడిమ రేకుల అంచున సన్నటి లేత గీత కనిపిస్తుంది చూడండి. ఎండ తగలనిచోట చాలా రకాల వంకాయలకు ఊదా రంగు పట్టదు. కూరగాయలవాడి దగ్గర తాజా కాయను ఏరడానికి చూసే గుర్తే అది. బొమ్మలో కూడా ఆ గీత వేశామంటే, ఇది ఇవాళ తెచ్చిన కాయ అని ఏ ఇల్లాలైనా చెప్పేస్తుంది.

బల్ల మీద పడే నీడ నల్లగా ఉండదు. వంకాయ నీడలో ఊదా జాడ ఉంటుంది, నిమ్మకాయ నీడలో పసుపు. కాయ బల్లను తాకే చోట బాగా ముదురు, దూరం పోయేకొద్దీ పలచబడి అంచు కూడా చెదిరిపోతుంది. కాయకు సరిగ్గా కింద ఆ ముదురు గీత లేకపోతే కాయ గాల్లో తేలుతుంది.

ఇత్తడి అంటే అందరికీ భయం, బంగారు రంగు ట్యూబు కొనుక్కొస్తారు. కొనకండి. అది బొమ్మ మీద పెళ్లి శుభలేఖలా మెరుస్తుంది, చెంబులా కాదు. మా అత్తగారి బిందె తణుకు దగ్గర అజ్జరంలో చేసింది, ఆ ఊరు ఇత్తడికి పెట్టింది పేరు. దాన్ని చింతపండుతో తోమి తళతళలాడేలా చేసి కూర్చున్నాను మొదటిసారి. దాని మీద కిటికీ, కర్టెను, గ్యాసు బండ, నేను, నా వెనక క్యాలెండరు, అన్నీ ఉన్నాయి. ఏం వేయాలో తెలియక లేచిపోయాను. కొత్తగా వేసేవాళ్లు తోమని ఇత్తడి పెట్టుకోవాలి. నెల రోజులు తోమకుండా ఉంచితే ప్రతిబింబాలు మెత్తబడి, మట్టి రంగుకు దగ్గరగా హాయిగా ఉంటుంది. ఎవరైనా చుట్టాలు వచ్చి బిందె నల్లబడిందేమిటి అంటే బొమ్మ కోసమని చెప్పుకోవడానికి సాకు కూడా.

వేసే పద్ధతి: ఎల్లో ఓకర్ పలచగా మొదటి పూత, మెరుపులు వదిలేసి. ఆరాక బర్న్ట్ సియెన్నా. ఆ తర్వాత అసలైన ముదురు, సియెన్నాలో నీలం బాగా కలిపి. లోహానికి రహస్యమేమీ లేదు. ముదురూ వెలుగూ పక్కపక్కనే, మధ్యలో మెట్లు లేకుండా, అంచు కోసినట్టు ఉంటాయి. వంకాయ మీద వెలుగు నుంచి నీడకు మెల్లగా జారతాం, ఇత్తడి మీద దూకుతాం. చెంబు పక్కన వంకాయ ఉంటే చెంబు పొట్ట మీద ఊదా రంగు చార ఒకటి కనిపిస్తుంది. అది తప్పకుండా వెయ్యండి. ఆ ఒక్క చారతో రెండు వస్తువులూ ఒకే బల్ల మీదికి వస్తాయి. స్టీలు గ్లాసుకూ ఇదే సూత్రం, కాకపోతే దానికి సొంత రంగంటూ లేదు. పక్కన ఏముంటే ఆ రంగు నిలువు చారలుగా పడుతుంది.

ఆవకాయ జాడీ నాకు చాలా ఇష్టమైన వస్తువు. పైన గోధుమ రంగు, కింద మీగడ రంగు, మూతికి వాసెన గుడ్డ. ఒకే వస్తువులో మెరుపు, మెరవని గుడ్డ, ముదురు, లేత అన్నీ దొరుకుతాయి. ఒక చిట్కా ఏమిటంటే, మీగడ రంగు భాగంలో నీడపడ్డ వైపు, గోధుమ భాగంలో వెలుగుపడ్డ వైపు కంటే లేతగానే ఉండొచ్చు. వస్తువు సొంత రంగును, దాని మీద పడే వెలుతురును విడదీసి చూడటం ఈ జాడీ నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

వండిన వాటి విషయానికొస్తే, ఇడ్లీ వేడిగా ఉండాల్సిన పని లేదు. నిన్నటి ఇడ్లీ అయినా ఎవరికీ తెలియదు, ఆరకుండా అప్పుడప్పుడు తడి చేత్తో అద్దితే చాలు. ఇడ్లీకి తెలుపు రంగు వాడొద్దు, కాగితమే ఇడ్లీ. నీడ వైపు పలచటి నీలి బూడిద. అరిటాకు మీద పెడితే అడుగున లేత ఆకుపచ్చ. చిన్న చిన్న గుంటలు ఇడ్లీ అంతా చుక్కలు పెట్టకండి, మశూచి వచ్చినట్టుంటుంది. వెలుగూ నీడా కలిసే చోట మాత్రం నాలుగు పెట్టండి, మిగతావి చూసేవాళ్ల కళ్లే పెట్టుకుంటాయి. పచ్చడి మీద నూనె మెరుపుకు మాత్రం అంచు పదునుగా ఉండాలి. పొగ వేయడం నేను మానేశాను. ఎంత వేసినా అగరుబత్తి పొగలాగే వస్తోంది.

ఆత్రేయపురం పూతరేకులు నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ ఓడిపోయాను. పొర వెనక పొర, లోపల పంచదార లీలగా కనిపించాలి. తెలిసిందల్లా ఏమిటంటే ముందు వెనకున్న ముదురు గుడ్డ వేసుకోవాలి, రేకుకు అంచులు తప్ప ఏమీ గీయకూడదు. ప్రతిసారీ ఓటమి తర్వాత మోడల్‌ను తినేయడం వల్ల పెద్ద బాధ అనిపించదు.

ఇంకో ప్రయోగం కూడా చెప్పాలి. పసుపు ఎలాగూ ఇంత మంచి రంగు కదా అని ఒక నిమ్మకాయను వంటింటి పసుపుతోనే వేశాను. ఎంత బాగా వచ్చిందో! గోడకు పెట్టిన మూడు నెలలకు నిమ్మకాయ కాస్తా కోడిగుడ్డు అయింది. పసుపు వెలుతురుకు నిలబడదు.

మన వాతావరణాన్ని బట్టి చేయి మార్చుకోవాలి. మే నెలలో పూత పూసిన నిమిషానికే ఆరిపోయి గట్టి అంచులు పడతాయి. కాగితాన్ని రెండు వైపులా తడిపి, ప్లాస్టిక్ బోర్డు మీద పరిచి మొదలుపెట్టండి, కాస్త ఆలస్యంగా ఆరుతుంది. శ్రావణంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఎంతకీ ఆరదు. హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టుకుని వాడతాను. తొందరపడి తడి మీద రెండో పూత వేస్తే కింద రంగు లేచిపోతుంది. పూర్తయిన బొమ్మల్ని ముసురు రోజుల్లో గోడకు ఆనించి ఉంచితే బూజు పడుతుంది. చెప్పుల పెట్టెల్లో వచ్చే చిన్న సిలికా పొట్లాలు దాచి, బొమ్మల ఫైలులో వేస్తున్నాను.

పదకొండింటికి బ్రష్షు కడిగి, వంకాయల మీద రంగు పడలేదని చూసుకుని, ఉప్పునీళ్ల గిన్నెలోకి కోసేస్తాను. బొమ్మ మీద సంతకం పెట్టను. వెనక మాత్రం తేదీ, కిలో ఎంతకు కొన్నానో, ఆ కాయలు చివరికి ఏ కూర అయ్యాయో పెన్సిలుతో రాసుకుంటాను. మొన్న ఫైలు తిరగేస్తుంటే పోయిన సంక్రాంతి ముందు వేసిన బొమ్మ ఒకటి కనిపించింది. ఐదు గుత్తి వంకాయలు, మరచెంబు, చెంబు మీద ఊదా చార. నా లెక్కన నేను వేసినవాటిలో మంచిదదే. వెనక్కి తిప్పాను. "కిలో 60, గుత్తి వంకాయ కూర" అని నా రాత. దాని కింద బాల్ పెన్నుతో మావారి రాత: "ఉప్పు ఎక్కువైంది."